గేటమ్మ ‘ఉంటది’ అంటే

శిలువకు ఉండేది ఒకే ఒక్క అతుకు. నిలువు ముక్క ఒకటి, అడ్డం ముక్క ఒకటి, రెండూ కలిసేచోట అతుకు. వెల్డింగ్ నేర్చుకున్నవాడికి అది చాయ్ చల్లారేలోపు అయిపోయే పని. మామూలు రోజుల్లో అలాంటి చిన్న పని చెబితే మా షాపులో అందరికీ ఒకేసారి ఫోన్ వస్తుంది. మొన్న మాత్రం ఆరుగురం వెల్డర్లం ఆ ఒక్క అతుకు కోసం పోటీపడ్డాం. ఎందుకంటే ఆ శిలువ గేటమ్మ సమాధికి.

గేటమ్మ అనేది మేం పిలుచుకునే పేరు. అసలు పేరు, సమాధి మీద రాయించడానికి ఆమె కొడుకు చెప్పేదాకా, షాపులో ఎవరికీ తెలియదు. చెప్పాక కూడా ఎవరో పరాయి మనిషి గురించి విన్నట్టే విన్నాం. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలికేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆమెను నేను మొదట చూసింది పని వెతుక్కుంటున్న రోజుల్లో. రఘునాథపల్లి నుంచి వచ్చి, ఐటీఐలో వెల్డర్ కోర్సు ముగించి, కాజీపేటలో ఒక గది తీసుకున్నాను. ఒకరోజు పని దొరికేది, మరునాడు దొరికేది కాదు. నాకు కావలసింది రోజూ ఉండే పని. దానికోసం ఏ షాపుకు వెళ్లినా ఒకటే మాట వినిపించేది: “ఉండు.”

“ఉండు తమ్మీ, సేటు అన్నం తింటాండు.”

“ఉండు, పండుగ పోనీ, చూద్దాం.”

ఉన్నాను. కొన్ని షాపుల ముందు ఎంతసేపు ఉన్నానంటే, గిరాకీలు వచ్చి కిటికీ గ్రిల్లు రేటు నన్నే అడిగేవారు. చివరికి లోపలికి పిలిచి, “అనుభవం ఉందా?” అని అడిగేవారు. పనిస్తే వస్తుందని చెప్పేవాడిని. అనుభవం వచ్చినంక రా, పనిస్తం అనేవారు. ఇందులో తప్పు ఎక్కడుందో నేను చాలా వెతికాను గానీ దొరకలేదు. వాళ్ల మాటలో ఏ అతుకూ తెగేలా లేదు.

మా బావ డోర్నకల్‌లో టెంట్ హౌస్ నడుపుతాడు. “వెల్డింగ్ లేకపాయె గిల్డింగ్ లేకపాయె, వచ్చి నా కుర్చీలన్న మొయ్యి” అని ఫోన్ చేస్తుండేవాడు. దసరా లోపల పక్కా పని దొరక్కపోతే డోర్నకల్ పోవాల్సిందేనని నాన్న కూడా తేల్చేశాడు. మా బావ దగ్గర కుర్చీలు చాలా ఉన్నాయి. అన్నీ ఎర్రవి. నాకు కలలోకి వచ్చేవి.

అప్పుడు వెళ్లాను ఇప్పుడు నేను పనిచేస్తున్న షాపుకు. కాజీపేట నుంచి హన్మకొండ పోయే దారిలో ఉంటుంది. యజమానిని అందరూ భాయ్ అంటారు. తెల్లగడ్డం, మెడలో తాడుతో వేలాడే కళ్లద్దాలు. నా సర్టిఫికెట్ తీసుకొని వెలుతురుకు పెట్టి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

“అచ్చు మంచిగ పడ్డది” అన్నాడు.

“పని కూడ మంచిగ చేస్త భాయ్.”

“గట్లనా. అయితే పొయ్యి గేటమ్మ గేటు చేసి రా.”

షాపులో సీనియర్ వెల్డర్ కుమారన్న నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. కనిపించేలాగే ఆపుకున్నాడు. చిన్న వెల్డింగ్ మెషీన్ నా చేతికిస్తూ, “ఐటీఐల పరీక్ష ఎవలు పెట్టిండ్రు?” అని అడిగాడు.

“హైదరాబాద్ నుంచి సార్లు వచ్చిండ్రు.”

“ఇక్కడ బర్రె పెడ్తది” అన్నాడు.

రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఆమె ఇల్లు. భర్త రైల్వేలో గేట్‌మ్యాన్‌గా చేసి పోయాడు. ఆయన కాపలా కాసిన గేటు కూడా వంతెన వచ్చాక పోయింది. అలవాటు మాత్రం ఆమెకు మిగిలింది. తన ఇంటి గేటు తీసేముందు సందులో అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసేది. రైలు రావడం లేదని తేలాకే తీసేది. నేను మొదటిసారి వెళ్లినప్పుడూ అలాగే చూసి, నన్ను లోపలికి రానిచ్చి, మళ్లీ వేసింది.

గేటు సంగతి చెప్పాలి. ఒంటిరెక్క చిన్న గేటు. కింద ఒక రాతి గుంతలో కూర్చుంటుంది, పైన ఒక్క కబ్జా దాన్ని స్తంభానికి పట్టి ఉంచుతుంది. మా ఊళ్లలో కబ్జా అంటే భూమిదే గుర్తొస్తుంది గానీ, ఇది తలుపును పట్టుకునే కబ్జా, నిజాయితీ గలది. అది ఊడితే గేటు మొత్తం చేతికొస్తుంది. ఆ రోజు దాని అతుకు సగం తెగి ఊగుతోంది. ఇక ఆ గేటులో ఇనుము తక్కువ, అతుకులు ఎక్కువ. ఎందరు కొత్త వెల్డర్లు చేశారో అన్ని చేతిరాతలు. ఒకటి చీమలబారులా ఉంది. ఒకటి కోడి తొక్కినట్టుంది. ఒకటి చూస్తే, చేసినవాడికి ఆ రోజు ఇంట్లో ఏదో గొడవ అయిందనిపించింది.

ఆ గేటుకే, అటుచివర కడ్డీకి, ఆమె బర్రె కట్టేసి ఉంది.

“బర్రెను అవతల కట్టవా అవ్వా?” అన్నాను.

“అవతలేడున్నది బిడ్డా, రోడ్డేసినప్పుడు గుంజ పీకేసిండ్రు. నీ పని నువ్వు చేసుకో, అది ఏమనదు.”

పని మొదలుపెట్టాను. నిప్పు లేవగానే ఆమె తన కొంగు తీసి బర్రె కళ్లకు అడ్డం పెట్టింది. వెల్డింగ్ వెలుగు కళ్లకు మంచిది కాదని ఎవరో చెప్పారట. తన ముఖం గోడవైపు తిప్పుకుంది. అలా గోడను చూస్తూ, నన్ను అడగడం మొదలుపెట్టింది.

“అమ్మానాయిన ఏం చేస్తాండ్రు?”

“ఎవుసం.”

“పొద్దుగాల ఏం తిన్నవ్?”

“ఇడ్లీ.”

“నిజం చెప్పు.”

“ఏం తినలే.”

ముఖానికి అడ్డంగా నల్ల అద్దం ఉన్న రేకు పట్టుకొని వెల్డింగ్ చేస్తాం కదా, అది తీయగానే ఆమె ప్రశ్నలు ఆగిపోయేవి. మళ్లీ అడ్డం పెట్టగానే మొదలయ్యేవి. కొంతసేపటికి నాకు కుతూహలం ఆగలేదు. రేకు దించి, ఎందుకలా అని అడిగాను.

“మొగం కనవడకపోతే మనిషి నిజం చెప్తడు బిడ్డా” అంది. “చర్చిల ఫాదర్ కాడ పాపాలు చెప్పుకునేటప్పుడు గంతే గదా. నడుమ కన్నాల జాలి అడ్డముంటది. అవతలోని మొగం నాకు కనవడది, నా మొగం ఆయనకు కనవడది. అందుకే చెప్పనొస్తది. నువ్వు కానియ్యి.”

కానిచ్చాను. రేకు వెనకనుంచి నా గురించి నేను చెప్పినన్ని సంగతులు అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఈ పని దొరక్కపోతే డోర్నకల్‌లో కుర్చీలు మోయాలని, నేర్చుకున్న చేయి నేర్చుకున్నట్టే తుప్పు పడుతుందేమోనని భయంగా ఉందని చెప్పాను. ఇంటి దగ్గర నా భయం ఎప్పుడు చెప్పినా ఎవరో ఒకరు ఓదార్చేవారు. గేటమ్మ ఓదార్చలేదు.

“కుర్చీలు ఎవలో ఒకలు మొయ్యాలె గదా” అంది. “అందరు నిలవడి తింటరా?”

పని అయ్యాక పైన పేరుకున్న నల్ల పెచ్చు సుత్తితో రాలగొట్టి, బ్రష్‌తో తుడిచి చూశాను. అతుకు మెరిసిపోతోంది. ఐటీఐ గోడ మీద బొమ్మలో ఉన్నట్టే వచ్చింది. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. ఆమె వంగి, కళ్లు చికిలించి చూసింది.

“సూడ సక్కగున్నది బిడ్డా.”

గాల్లో తేలుతూ గదికి వెళ్లాను. ఆ మాటకు ఆమె లెక్కలో అర్థం ఏమిటో నాకింకా తెలియదు.

కాజీపేట బర్రెలు రైళ్లకు బెదరవు. పుట్టిననాటినుంచి వింటాయి. ఈ బర్రెకు కూడా ఇంజన్ కూత అంటే లెక్కలేదు. దానికున్న బలహీనత ఒక్కటే: మైకు పెట్టుకొని తిరిగే కూరగాయల ఆటో. మరునాడు పొద్దున ఆ ఆటో సందులోకి వచ్చి “క్యాబేజీ, క్యాబేజీ” అనగానే ఇది లేచి బయల్దేరింది. గేటు కూడా దానితోపాటే బయల్దేరింది.

భాయ్‌తో సంగతి చెప్పే ముందు అతుకును మరోసారి చూసుకుందామని వచ్చిన నాకు ఎదురైంది ఆ ఊరేగింపే. ముందు ఆటో, వెనక బర్రె, దాని వెనక సిమెంటు రోడ్డు మీద గీసుకుంటూ గేటు. నేను వెల్డింగ్ చేసినప్పుడు లేచినన్ని నిప్పురవ్వలు అప్పుడూ లేచాయి. సందులో జనం బర్రెను చూడలేదు. నన్ను చూశారు. నా భుజాన వెల్డింగ్ రేకు ఉంది మరి. ఒక పెద్దాయన అరుగు మీద పేపర్ దించి, “కొత్తోనివా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మళ్లీ పేపర్ ఎత్తుకున్నాడు.

బర్రెను, గేటును, నా పరువును వెనక్కి తెచ్చేసరికి గేటమ్మ ఖాళీ స్తంభం పక్కన నిలబడి, అలవాటు కొద్దీ అటూ ఇటూ చూస్తోంది.

“సూడ సక్కగున్నదంటిని గదా” అంది, ముందే హెచ్చరించినట్టు. తెగిన అతుకు వేలితో తడిమింది. “పెండ్లినాటి మొగం లెక్కున్నది బిడ్డా. సంసారం ఇంకా మొదలువెట్టలే.”

నిజమే. అతుకు పైపైనే కూర్చుంది, ఇనుములోకి దిగలేదు. ఆమెకు వెల్డింగ్ గురించి ఏమీ తెలియదు. రాడ్డును అగరబత్తి అనేది, మెషీన్‌ను డబ్బా అనేది. చక్కగా ఉన్నవన్నీ ఊడాయి కాబట్టి ఇదీ ఊడుతుందని తెలిసింది, అంతే.

అతుకు తెగినవాడు బర్రెకు పచ్చిగడ్డి తేవాలి. ఆ ఇంటి ఆచారమది. తెచ్చాను. మళ్లీ అతికాను. ఈసారి ఫోటో గురించి ఆలోచించలేదు. కరెంటు పెంచి, చేయి నెమ్మది చేసి, లోపలికి దిగిందా లేదా అని మాత్రమే చూశాను. వంకరగా, గడ్డకట్టిన బెల్లంలా వచ్చింది. గేటమ్మ చూసి, బర్రెను మళ్లీ ఆ గేటుకే కట్టింది.

తరువాతి రోజులు ఎలా గడిచాయో ఏ వెల్డరూ పుస్తకంలో రాసి ఉండడు. పొద్దున్నే సందు మలుపులో నిలబడేవాడిని. ఆటో వచ్చేది. మైకు అరిచేది. బర్రె లేచేది, తాడు బిగిసేది, గేటు కిర్రుమనేది, నా గుండె కూడా అదే చప్పుడు చేసేది. ఆటోవాణ్ణి బతిమాలి వేరే సందుకు పంపిద్దామా అనుకున్నాను గానీ, క్యాబేజీ అమ్మేవాడి కాళ్లు పట్టుకొని సంపాదించిన ఉద్యోగం ఎంతకాలం ఉంటుందిలే అని ఊరుకున్నాను. అదే సమయానికి మా బావ ఫోన్ చేసి, బతుకమ్మ కార్యక్రమాలకు టెంట్లు చాలా ఉన్నాయని, ఏ రైలుకు వస్తున్నానని అడిగాడు.

“ఉండు బావా” అన్నాను. నాకూ ఆ మాట అనే అవకాశం అదే మొదటిసారి.

ఒక పొద్దున బర్రె లాగి లాగి, విసుగొచ్చి, కూర్చుంది. ఆటో వెళ్లిపోయింది. గేటమ్మ నన్ను చేయి ఊపి పిలిచింది. కబ్జా దగ్గర వేలు పెట్టి రుద్దింది.

“సూడ సక్కగ లేదు” అంది. “ఉంటది.”

షాపుకు ఎలా వచ్చానో గుర్తులేదు. భాయ్ కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు.

“భాయ్, ఉంటది అన్నది.”

“గంతేనా అన్నది?”

“సూడ సక్కగ లేదు, ఉంటది అన్నది.”

భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “అయితే ఉండు” అన్నాడు.

ఉన్నాను. వాకిట్లో ఒక మూల నిలబడ్డాను. అన్ని షాపుల్లోనూ విన్న మాటే కదా, కొత్తేముంది. చాయ్ అయిపోయాక ఏదైనా చెబుతాడేమో అనుకున్నాను. చాయ్ అయిపోయింది. భాయ్ నమాజుకు వెళ్లి వచ్చాడు. నేను ఇంకా ఉన్నాను. ఎండ జరిగితే నీడతోపాటు నేనూ జరిగాను.

కుమారన్న చూసి చూసి వచ్చాడు. “ఏందిరా, దిష్టిబొమ్మ లెక్క గన్నే నిలవడ్డవ్?”

“భాయ్ ఉండమన్నడన్నా.”

“ఉండమంటే?”

“ఆగుమన్నడు.”

కుమారన్న నా ముఖంలోకి కాసేపు చూశాడు. జాలి అనేది ఆయన ముఖంలో నేను చూసింది ఆ ఒక్కసారే. “అరే పిచ్చోడా, ఉండు అంటే పనిల ఉండు అని. పొద్దటి సంది నువ్వు పనిల ఉన్నవ్. వచ్చి గా గ్రైండర్ పట్టు.”

అలా నా పక్కా ఉద్యోగంలో మొదటి సగంరోజు నేను నిలబడి చేశాను.

పనిలో చేరాక కూడా ఆ సందుకు వెళ్తుండేవాడిని. ఆమె చాయ్ మీగడతో సహా పోసేది. అసలు కారణం మాత్రం చాయ్ కాదు. కొత్త వెల్డర్లందరినీ ఈమె గేటుకే ఎందుకు పంపుతారు అన్నది నాకు అంతుపట్టలేదు. షాపులో కథలు చాలా ఉండేవి. ఆమె కొడుకు వెల్డరని, ఎక్కడో పైనుంచి పడి చనిపోయాడని, ఆ దుఃఖంతో కొత్త పిల్లలకు దారి చూపిస్తోందని ఒక కథ. చెప్పేవాళ్ల గొంతు కూడా బాగా వణికేది. ఒక ఆదివారం వెళ్తే ఆ పోయిన కొడుకు అరుగు మీద కూర్చొని ఉప్మా తింటున్నాడు. డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగమట. ప్రతి ఆదివారం చర్చిలో పూజకు వస్తాడు, పాలు తీసుకుపోతాడు. కొన్ని కథలు ఇలా ఉప్మాతో ముగుస్తాయి.

ఇక ఆమెనే అడిగాను. గేటు కిందివైపు కడ్డీ ఒకటి ఊగుతుంటే సరిచేస్తున్నాను. కొంగు బర్రె కళ్ల మీద ఉంది, ఆమె ముఖం గోడవైపు ఉంది. ఈసారి నేనే ప్రశ్న వేశాను.

“అవ్వా, మమ్ముల పరీక్ష పెట్టాల్నని నీకెందుకనిపిచ్చింది?”

“ఏం పరీక్ష?”

చేయి ఆగిపోయింది. ఆమెకు తెలియదు. ఇన్నేళ్లుగా ఆమె మాట మీద షాపులో మనుషులకు పని ఉండడం, ఊడడం ఆమెకు తెలియనే తెలియదు.

“మరి భాయ్ పిల్లలను ఎందుకు పంపుతాండనుకున్నవ్?”

ఆమె కొంగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. తరువాత చెప్పింది.

“గీ గేటు మొదలు చేసింది ఆయన్నే బిడ్డా. గప్పుడు నీ లెక్కనే, కొత్తగ నేర్చుకున్నడు. గడ్డం కూడ సరిగ రాలే. మా ఇంటాయన పిలిచి పనిచ్చిండు, ఆయనకు అదే మొదటి పని. మస్తు సక్కగ చేసిండు. పువ్వులు గూడ పెట్టిండు. వారం తిరగకముందే కబ్జా ఊడి మా ఇంటాయన కాలు మీద పడ్డది. ఇగ సిగ్గయ్యి ఆయన రాలే, ఎవలనో పిలగాన్ని పంపిండు. అప్పటిసంది గంతే. ఎక్కడ ఊడినా ఎవలనో ఒకలను పంపుతడు. ఆయన రాడు.”

“నువ్వేం అనలేదా?”

“ఏమంట? సిగ్గువడేటోన్ని ఇంకేమంటం? పైగ నాకు గేటు బాగైతాంది.” కొంగు సర్దింది. “గీ ముచ్చట ఆయనతోటి అనకు.”

అనలేదు. నా నోటికి ఇది పెద్ద పరీక్షే. షాపులో కొత్త వెల్డర్ ఎవరైనా సర్టిఫికెట్ పట్టుకొని వస్తే, “గేటమ్మ గేటు చేసి రా” అని భాయ్ గంభీరంగా అంటుంటే, నేను వెళ్లి నీళ్లు తాగేవాడిని. అయితే ఒకటి మాత్రం గమనించడం మొదలుపెట్టాను. వాడు తిరిగొచ్చి ఆమె ఏమన్నదో చెప్పేటప్పుడు, భాయ్ ప్రతిసారీ “గంతేనా అన్నది?” అని అడిగేవాడు. ఇంకేదో మాట ఉండాలన్నట్టు.

మొన్న ఆమె పోయింది. దవాఖానలో చేర్చారని తెలిసి వెళ్దామనుకునేలోపే కబురొచ్చింది. మరునాడు కొడుకు షాపుకు వచ్చాడు. సమాధికి ఇనుప శిలువ కావాలన్నాడు. రాతిది బాగుంటుంది కదా అని కుమారన్న అంటే, “అమ్మ ఇనుముదే కావాలన్నది” అన్నాడు.

అప్పుడే మేం ఆరుగురం లేచాం. ఆమె గేటు నాకు ఎక్కువ సార్లు ఊడిందని ఒకడు, నేనే ఎక్కువ గడ్డి తెచ్చానని ఒకడు. మనిషి పోయినచోట గడ్డిమోపుల గురించి వాదించుకోవడం బాగుండదని నేనన్నాను. అంటూనే రాడ్డు బిగించే హోల్డర్ పట్టుకున్నాను.

కొడుకు ఇబ్బందిగా చూశాడు. “అతుకు మాత్రం భాయ్‌నే ఎయ్యమని చెప్పింది.”

ఆరుగురం భాయ్ వైపు తిరిగాం. చూపు మందగించి భాయ్ హోల్డర్ ముట్టి చాలా ఏళ్లయింది. ఆయన కుర్చీలోంచి లేచి, నా చేతిలోంచి హోల్డర్ తీసుకున్నాడు. మెడలోని కళ్లద్దాలు కళ్లకు పెట్టుకొని, రేకు అడ్డం పెట్టుకున్నాడు. చేయి మోకాలికి ఆనించుకున్నాడు. నేను ముక్కలు కదలకుండా పట్టుకొని, ముఖం గోడవైపు తిప్పుకున్నాను. గోడ కనిపించగానే ఏం చేయాలో తెలిసింది.

“భాయ్, గా గేటు మొదలు చేసింది నువ్వేనా?”

చిటపట ఆగలేదు. రేకు వెనకనుంచే వచ్చింది జవాబు.

“ఔ.”

“పువ్వులు గూడ పెట్టినవంట.”

“పెట్టిన. పువ్వుల మీదనే ఉండె పానమంత. కబ్జా సంగతి మరిచిన.” చేయి కొంచెం జరిపాడు. “ఆమె కోపం చేస్తదని పోలే. మీరంత పొయ్యి వచ్చి ఆమె మాట చెప్తాంటే, నా సంగతి అడుగుతదేమోనని సూస్తుంటి. ఒక్కసారన్న అడగకపాయె.”

రాడ్డు అయిపోయింది. భాయ్ రేకు దించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. వెల్డింగ్ చేస్తే కళ్లు అలాగే అవుతాయి. మా పనిలో ఉన్న సౌకర్యం అది. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

సుత్తితో పెచ్చు రాలగొట్టి, శిలువను నావైపు తిప్పాడు. “నాకు సరిగ కనవడతలేదు. సూడు, ఎట్లుంది?”

చూశాను. కోడి తొక్కినట్టుంది. ఒకచోట గుట్టలా పేరుకుంది, ఒకచోట వంకర తిరిగింది. నిలువు ముక్కను కాలితో తొక్కిపట్టి, అడ్డం ముక్కను రెండు చేతులా పట్టుకొని, బర్రె లాగినట్టు లాగాను. నా భుజం కిర్రుమంది, అతుకు కిర్రుమనలేదు.

“సూడ సక్కగ లేదు భాయ్” అన్నాను. “ఉంటది.”

భాయ్ కళ్లద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తరువాత ఇంకా వేడిగా ఉన్న ఆ శిలువ మీదికి వంగి, “అయితే ఉండు” అన్నాడు. ఈసారి ఆ మాట నాతో కాదు.